ఏడాదికి టీఎంసీ మురుగు నీరు.. కర్నూలు, కడపకు ఏ శుద్ధి పద్ధతి పనికొస్తుంది?

సుంకేసుల బ్యారేజీ నిండితే పట్టే నీళ్లు 1.2 టీఎంసీలు. మరి కర్నూలు, కడప నగరాల్లో మనం వాడి పారబోసే నీళ్లను ఏడాది పాటు ఒకచోట నిల్వ చేస్తే ఎంతవుతుందో తెలుసా? దాదాపు 1.1 టీఎంసీలు. అంటే ఇంచుమించు ఇంకో సుంకేసుల!

బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియని సీమలో ఈ లెక్క చిన్నదేం కాదు. ఒక టీఎంసీతో పది వేల ఎకరాల దాకా ఆరుతడి పంట పండించొచ్చని సాగునీటి లెక్కల్లో వాడుకగా చెప్తుంటారు. పైగా ఈ నీళ్లు వానను బట్టి రావు. ఎండాకాలంలో కూడా రోజూ వస్తాయి. అయితే వాటిని శుభ్రం చేయాలి. ఎలా చేయాలి? చెరువు పద్ధతా, గాలి ఊదే పద్ధతా, పొరలతో వడకట్టే పద్ధతా? దేనికెంత భూమి కావాలి, ఎంత కరెంటు ఖర్చవుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఈ లెక్క ఎలా వచ్చింది?

డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది కేంద్రం ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా బయటకు వస్తుందని ఇంజినీర్లు లెక్కేస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు కార్పొరేషన్‌లో సుమారు 4.3 లక్షల మంది, కడపలో సుమారు 3.4 లక్షల మంది ఉన్నారు. ఈ లెక్కన కర్నూలులో రోజుకు సుమారు 46 ఎంఎల్‌డీ, కడపలో 37 ఎంఎల్‌డీ మురుగు వస్తుంది. ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. ఇవి ప్రమాణాల మీద వేసిన అంచనాలు మాత్రమే. సరఫరా తగ్గిన రోజు మురుగూ తగ్గుతుంది. కానీ 2011 తర్వాత ఊళ్లు పెరిగాయి కాబట్టి, అంచనా మరీ ఎక్కువేం కాదు.

ఇప్పుడు ఆ నీళ్లు ఎటు పోతున్నాయి?

కర్నూలు మురుగు హంద్రీలోకి, తుంగభద్రలోకి చేరుతుంది. తుంగభద్ర కిందకు వెళ్లి కృష్ణలో కలుస్తుంది, ఆ నీళ్లు శ్రీశైలం జలాశయానికి చేరతాయి. అక్కడి నుంచి పోతిరెడ్డిపాడు ద్వారా మళ్లీ సీమకే వస్తాయి. తెలుగుగంగ కాలువలో కడప జిల్లా బ్రహ్మంసాగర్‌కు, ఆపైన చెన్నై దాకా పోతాయి. కడప మురుగు బుగ్గవంకలోకి, అక్కడి నుంచి పెన్నాలోకి పోతుంది. పెన్నా కింద సోమశిల ఉంది.

దారిలో బోలెడంత మంచి నీరు కలిసి మురుగు పలచబడుతుంది, నిజమే. కానీ నది ఎండిన నెలల్లో కలవడానికి మంచి నీరు ఎక్కడుంది? వేసవిలో హంద్రీ, బుగ్గవంకల్లో పారేది చాలావరకు మన కాలువల నీరే. అంటే మురుగు నీటిని మనం ఇప్పటికే మళ్లీ వాడుతున్నాం. కాకపోతే శుద్ధి చేయకుండా పోయే ప్రతి లీటరును కింద ఊరివాళ్లు శుద్ధి లేకుండానే వాడాల్సి వస్తోంది.

ఇది మన ఒక్కళ్ల సమస్య కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 ఎంఎల్‌డీ మురుగు వస్తుంటే, శుద్ధి ప్లాంట్ల సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీ. నిజంగా శుద్ధి అయ్యేది 20,236 ఎంఎల్‌డీనే. ప్లాంటు కట్టడం ఒక ఎత్తు, దాన్ని నడిపించడం ఇంకో ఎత్తు అని ఈ మూడు అంకెలే చెప్తున్నాయి.

శుద్ధి అంటే అసలు ఏం చేస్తారు?

మురుగులో 99 శాతం పైన నీళ్లే. మిగతా కొంచెమే సమస్య. దాన్ని మూడు మెట్లలో తీస్తారు.

మొదటి మెట్టు: జల్లెడలతో ప్లాస్టిక్, గుడ్డ ముక్కలు ఆపుతారు. ఇసుకను అడుగుకు దించుతారు.

రెండో మెట్టు: నీళ్లలో కరిగి ఉన్న మలినాన్ని బ్యాక్టీరియాతో తినిపిస్తారు. అసలు పని ఇక్కడే. ప్లాంట్ల మధ్య తేడాలన్నీ దాదాపుగా ఈ మెట్టులోనే ఉంటాయి.

మూడో మెట్టు: ఇసుక ఫిల్టర్లతో ఇంకా వడకట్టి, క్లోరిన్‌తోనో అల్ట్రా వయొలెట్ కాంతితోనో క్రిములను చంపుతారు.

నీళ్లు ఎంత శుభ్రమయ్యాయో చెప్పే ముఖ్యమైన కొలత బీవోడీ. నీళ్లలోని మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో ఇది చెప్తుంది. ఎంత తక్కువుంటే అంత మంచిది. పచ్చి మురుగులో లీటరుకు 200 మిల్లీగ్రాముల పైనే ఉండొచ్చు. 2017లో కేంద్రం మెట్రోలు కాని ఊళ్లకు 30 దాకా ఉండొచ్చంది. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి తగ్గించాలని ఆదేశించింది. ఈ 30కి, 10కి మధ్య తేడా వల్లే కొన్ని పాత పద్ధతులు వెనకబడ్డాయి.

ఏ పద్ధతి ఎలా పనిచేస్తుంది?

గంగా నది ప్రణాళిక కోసం ఏడు ఐఐటీల బృందం 2010లో ఈ పద్ధతులన్నింటినీ పోల్చి, ఒక్కో ఎంఎల్‌డీకి ఎంత స్థలం, ఎంత కరెంటు కావాలో సగటు అంకెలు ఇచ్చింది. వాటిని కర్నూలు 46 ఎంఎల్‌డీకి వర్తింపజేసి కింద ఇస్తున్నాం. ప్లాంటును బట్టి ఇవి మారతాయి. పోల్చుకోవడానికి మాత్రం సరిపోతాయి.

1. శుద్ధి కుంటలు

వరసగా కుంటలు తవ్వి మురుగును ఒకదాన్నుంచి ఇంకోదానికి మెల్లగా వదులుతారు. ఎండ, నాచు, బ్యాక్టీరియా కలిసి రోజుల తరబడి పనిచేస్తాయి. మన ఎండలు ఈ పద్ధతికి వరం. ఎక్కువ రోజులు ఎండలో ఉండటంతో రోగక్రిములు కూడా బాగా తగ్గుతాయి.

స్థలం: సుమారు 68 ఎకరాలు
కరెంటు: రోజుకు 300 యూనిట్ల లోపే
ఇబ్బంది: భూమి ఎక్కువ కావాలి, నీళ్లు ఆవిరైపోతాయి. ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైందనుకుంటే 68 ఎకరాల మీద రోజుకు 22 లక్షల లీటర్లు పోతాయి. అంటే వచ్చే నీళ్లలో దాదాపు 5 శాతం. నాచు వల్ల బీవోడీ 10 లోపు తేవడం కూడా కష్టం.

2. యూఏఎస్‌బీ

పేరు నోరు తిరగకపోయినా పని తెలిసిందే. గోబర్ గ్యాస్ ప్లాంటుకు అన్నలాంటిది. గాలి తగలని ట్యాంకులో మురుగును అడుగు నుంచి పైకి పంపుతారు. మధ్యలో ఉన్న మడ్డి పొరలోని బ్యాక్టీరియా మలినాన్ని తిని గ్యాస్ వదులుతుంది. వెచ్చటి వాతావరణంలో బాగా పనిచేస్తుంది. హైదరాబాద్ అంబర్‌పేటలో ఈ పద్ధతితోనే 339 ఎంఎల్‌డీ ప్లాంటు కట్టారు.

స్థలం: వెనకాల గాలి ఊదే ట్యాంకు కూడా కలిపితే సుమారు 11 ఎకరాలు
కరెంటు: రోజుకు సుమారు 5,800 యూనిట్లు
ఇబ్బంది: దీని నుంచి వచ్చే నీళ్లు ఒక్క దెబ్బకు ప్రమాణం అందుకోలేవు. వెనకాల ఇంకో దశ తప్పనిసరి. వాసన కూడా ఎక్కువ.

3. యాక్టివేటెడ్ స్లడ్జ్

1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుట్టిన పద్ధతి, నూరేళ్లు దాటినా ఇంకా నడుస్తోంది. ఒక ట్యాంకులో గాలి ఊదుతూ బ్యాక్టీరియాను పెంచుతారు. పక్క ట్యాంకులో మడ్డి అడుగుకు దిగి, పైన తేట నీరు మిగులుతుంది. అడుగున దిగిన మడ్డిలో కొంత మళ్లీ మొదటి ట్యాంకుకు పంపుతారు. పెరుగుకు తోడు వేసినట్టే ఇది. నిన్నటి బ్యాక్టీరియా ఇవాళ్టి మురుగును తొందరగా పట్టుకుంటుంది.

స్థలం: 10-11 ఎకరాలు
కరెంటు: రోజుకు సుమారు 8,500 యూనిట్లు
ఇబ్బంది: రెండు రకాల ట్యాంకులు, రోజూ కనిపెట్టుకుని ఉండే సిబ్బంది కావాలి. నైట్రోజన్, ఫాస్ఫరస్ తీయాలంటే అదనపు ఏర్పాట్లు చేయాలి.

4. ఎస్‌బీఆర్

తోడు వేసే సూత్రమే. కానీ అన్ని పనులూ ఒకే ట్యాంకులో వంతులవారీగా జరుగుతాయి. ముందు మురుగు నింపుతారు, గాలి ఊదుతారు, తర్వాత గాలి ఆపేస్తారు. బురద నీళ్లు బిందెలో కదలకుండా పెడితే తేరుకున్నట్టు మడ్డి దిగుతుంది. పైనున్న తేట నీటిని వంచేస్తారు. మొత్తం కొన్ని గంటల పని. ఏ వంతు ఎంతసేపు అన్నది కంప్యూటర్ చూసుకుంటుంది. వంతుల సమయం మార్చి నైట్రోజన్ కూడా తగ్గించొచ్చు. దేశంలో ఇప్పుడు ఎక్కువగా కడుతున్నవి ఇవే. హైదరాబాద్‌లో చేపట్టిన 31 కొత్త ప్లాంట్లకూ ఈ టెక్నాలజీనే ఎంచుకున్నారు.

స్థలం: 5-6 ఎకరాలు
కరెంటు: రోజుకు సుమారు 7,000 యూనిట్లు
ఇబ్బంది: వాల్వులు, సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ చెడితే వంతులన్నీ తప్పుతాయి. తెలిసిన మనిషి ఉండాలి.

5. ఎంబీబీఆర్

ట్యాంకులో వేల కొద్దీ చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు వేస్తారు. వాటికి అంటుకుని బ్యాక్టీరియా పెరుగుతుంది. అపార్ట్‌మెంట్లు, హాస్పిటళ్లు, హాస్టళ్లలో చిన్న ప్లాంట్లకు బాగా నప్పుతుంది.

స్థలం: 5-6 ఎకరాలు
కరెంటు: రోజుకు సుమారు 10,300 యూనిట్లు
ఇబ్బంది: పెద్ద ఊరికి కరెంటు ఖర్చు ఎక్కువ.

6. ఎంబీఆర్

బ్యాక్టీరియా పని అయ్యాక, మడ్డి తేరుకునేదాకా ఆగకుండా నీళ్లను అతి సన్నని రంధ్రాలున్న పొరల్లోంచి లాగుతారు. కంటికి కనిపించని బ్యాక్టీరియా కూడా చాలావరకు ఆగిపోతుంది. అన్నింటిలో తేట నీరు ఇచ్చేది ఇదే.

స్థలం: సుమారు 5 ఎకరాలు
కరెంటు: రోజుకు సుమారు 13,900 యూనిట్లు
ఇబ్బంది: పొరలు పూడుకుపోతుంటాయి. రసాయనాలతో కడగాలి, కొన్నేళ్లకోసారి మార్చాలి.

కరెంటు బిల్లు దగ్గరే అసలు పరీక్ష

యూనిట్ 7 రూపాయలు అనుకుని లెక్కేద్దాం. శుద్ధి కుంటలకు ఏడాదికి 7 లక్షల రూపాయలు. ఎస్‌బీఆర్‌కు సుమారు కోటి 80 లక్షలు. ఎంబీఆర్‌కు మూడున్నర కోట్లు. ఇందులో జీతాలు, రసాయనాలు, మడ్డి తరలింపు ఇంకా కలపలేదు.

ప్లాంటు కట్టడానికి కేంద్రం నుంచో రాష్ట్రం నుంచో నిధులు వస్తాయి. బిల్లు మాత్రం ప్రతి నెలా కట్టాలి. గాలి ఊదే మోటార్లు ఎక్కువ సేపు ఆగితే ట్యాంకులో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మళ్లీ పెంచుకోవాలంటే రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా వచ్చిన మురుగు వచ్చినట్టే పోతుంది. అందుకే నడపగలిగే మామూలు ప్లాంటు, నడపలేని గొప్ప ప్లాంటు కంటే ఎప్పుడూ నయం.

మరి ఏది మంచిది? ముందు నీళ్లు ఎవరికో తేలాలి

"ఏ టెక్నాలజీ బెస్ట్?" అని అడిగితే జవాబు దొరకదు. "శుద్ధి చేసిన నీళ్లు ఎవరికి ఇస్తారు?" అని అడిగితే టెక్నాలజీ దానంతటదే తేలుతుంది.

పొలాలకైతే..

పైరుకు నైట్రోజన్ కావాలి. శుద్ధి అయిన నీళ్లలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నైట్రోజన్ మిగిలిందనుకోండి. 46 ఎంఎల్‌డీలో రోజుకు 920 కిలోలు. అంటే 45 కిలోల యూరియా బస్తాలు రోజుకు 44! దీన్ని కోట్లు పెట్టి పూర్తిగా తీసేసి, రైతు మళ్లీ కొట్టుకెళ్లి యూరియా కొనుక్కోవడంలో అర్థం లేదు. అయితే ట్రిబ్యునల్ చెప్పిన 10 మిల్లీగ్రాముల హద్దు ఉంది కాబట్టి, నదిలోకి వదిలే నీటికి, నేరుగా పొలానికి పంపే నీటికి వేర్వేరు దారులు ఆలోచించాలి.

పొలానికి వెళ్లే నీళ్లలో భయపడాల్సింది రోగక్రిములు, నులిపురుగుల గుడ్ల గురించి. పత్తికి, పశుగ్రాసానికి ఒక స్థాయి చాలు. పచ్చిగా తినే టమాటా, ఆకుకూరలు, ఉల్లికి ఇంకా కఠినంగా ఉండాలి. ఎస్‌బీఆర్ తర్వాత క్రిములను చంపే దశ పెట్టినా పర్వాలేదు, భూమి దొరికే చోట కుంటలైనా పర్వాలేదు.

ఫ్యాక్టరీలకైతే..

2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో మన ఓర్వకల్లు, కొప్పర్తి ఉన్నాయి. ఒకటి కర్నూలు పక్కన, ఇంకోటి కడప పక్కన. రెండింటికీ నీళ్లు కావాలి. అమృత్ 2.0 పథకం కూడా నగరం మొత్తం అవసరాల్లో 20 శాతం, పరిశ్రమల అవసరాల్లో 40 శాతం శుద్ధి చేసిన నీటితో తీరాలని లక్ష్యం పెట్టింది. ఇక థర్మల్ ప్లాంట్ల సంగతి. 50 కిలోమీటర్ల పరిధిలో మురుగు శుద్ధి ప్లాంటు ఉంటే ఆ నీళ్లనే వాడాలని 2016 జాతీయ విద్యుత్ టారిఫ్ పాలసీ చెప్తోంది. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటుకు ప్రొద్దుటూరు ఆ పరిధిలోనే ఉంది. నాగ్‌పూర్‌లో ఇదే పద్ధతిలో మురుగు శుద్ధి చేసి కొరాడి థర్మల్ ప్లాంటుకు ఇస్తున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పైన చెప్పిన ఆరు పద్ధతుల్లో ఏదీ నీళ్లలో కరిగిన ఉప్పును తీయదు. బాయిలర్లకు, కొన్ని రకాల ఫ్యాక్టరీలకు ఉప్పు పనికిరాదు. అప్పుడు ఆర్‌వో పెట్టాలి. చెన్నైలో కోయంబేడు, కొడుంగయ్యూరులో 2019 నుంచి ఒక్కోటి 45 ఎంఎల్‌డీ చొప్పున ఇలాంటి నీళ్లనే పరిశ్రమలకు అమ్ముతున్నారు. కానీ ఆర్‌వో అంటే మన ఇంట్లో మెషీన్ లాగే, కొంత నీరు చిక్కటి ఉప్పు నీరై బయటకు వస్తుంది. చెన్నైకి సముద్రం ఉంది. కర్నూలుకు, కడపకు లేదు. ఆ ఉప్పు నీటిని వంకలో వదిలితే కింద బోర్లు పాడవుతాయి. అందుకే ఊరు మొత్తానికి ఆర్‌వో పెట్టడం సీమకు సరిపోదు. ఊరి ప్లాంటు మూడో మెట్టు దాకా శుద్ధి చేసి ఇవ్వాలి. ఆర్‌వో ఎవరికి అవసరమో వాళ్లే తమ దగ్గర పెట్టుకుని, మిగిలిన ఉప్పు నీటి బాధ్యత కూడా వాళ్లే తీసుకోవాలి.

చెరువులు నింపడానికైతే..

మన పక్కనే ఉదాహరణ ఉంది. తెలుగు మాట్లాడే ఊళ్లు చాలా ఉన్న కర్ణాటకలోని కోలార్ జిల్లా. మన లాంటి కరువు నేలే. కోరమంగళ-చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరు మురుగును రెండో మెట్టు దాకా శుద్ధి చేసి 2018 నుంచి అక్కడి చెరువులకు పంపుతున్నారు. పథకం సామర్థ్యం 440 ఎంఎల్‌డీ. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు నిండాయి, చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పైకొచ్చాయి.

కానీ మొదలైన కొద్ది రోజులకే, 2018 జులైలో, లక్ష్మీసాగర చెరువులో తెల్లటి నురగ లేచింది. జనం భయపడ్డారు. వ్యవహారం కోర్టుకెక్కింది, కొన్నాళ్లు పంపింగ్ ఆగింది. మూడో మెట్టు శుద్ధి చేశాకే పంపాలని అక్కడి రైతు సంఘాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. చెరువు నింపితే ఆ నీళ్లు భూమిలోకి ఇంకి, ఊరి మంచినీటి బోరులోకి చేరొచ్చు. కాబట్టి రెండో మెట్టు దగ్గర ఆగడం సరిపోదన్నదే కోలార్ నేర్పిన పాఠం.

మన ఊళ్లకు ఏది నప్పుతుంది?

పై లెక్కలన్నీ కలిపి చూస్తే ఒక దారి కనిపిస్తోంది.

కర్నూలు, కడప లాంటి పెద్ద ఊళ్లకు ఎస్‌బీఆర్, దాని వెనకాల ఫిల్టర్లు, క్రిములను చంపే దశ. తక్కువ స్థలం, మధ్యస్థంగా కరెంటు. నదికి వదిలినా, పొలానికి పంపినా, ఫ్యాక్టరీకి అమ్మినా పనికొచ్చే నీళ్లు వస్తాయి.

ఊరి బయట భూమి దొరికి, కరెంటు బిల్లు, సిబ్బంది సమస్య ఉండే చిన్న పట్టణాలకు శుద్ధి కుంటలు, కింద పశుగ్రాసం, పత్తి లాంటి పంటలు.

అపార్ట్‌మెంట్లు, కాలేజీలు, హాస్పిటళ్లకు చిన్న ఎంబీబీఆర్‌లు. ఆ నీళ్లు చెట్లకు, ఫ్లష్‌లకు.

ఎంబీఆర్ అయితే నీళ్లు కొనే ఫ్యాక్టరీ ముందే సంతకం పెట్టిన చోట మాత్రమే. ఖర్చు తిరిగి వచ్చే దారి ఉండాలి కదా.

ఎవరూ మాట్లాడని సంగతి

వంకల పక్కన, మురుగు కాలువల కింద ఇప్పటికే ఇంజిన్లు పెట్టుకుని ఆ నీళ్లతోనే గడ్డి, కూరగాయలు పండించుకుంటున్న చిన్న రైతులు ఏ ఊరికైనా ఉంటారు. రేపు ప్లాంటు కట్టి, నీళ్లన్నీ పైపులో ఫ్యాక్టరీకి పంపితే వాళ్ల పొలం ఎండుతుంది. నీళ్లు శుభ్రమయ్యాయి కానీ వాళ్ల దాకా రావు. మురుగుకు ధర లేనన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ధర వచ్చిన రోజు ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న వస్తుంది. ఇది ప్లాంటు కట్టాక కాదు, కట్టకముందే తేల్చాల్సిన విషయం.

ఇంకోటి. ఎంత మంచి ప్లాంటైనా ఇంటి మురుగు దాని దాకా చేరాలి. భూగర్భ డ్రైనేజీ లేని వీధిలో సెప్టిక్ ట్యాంకు పొర్లిన నీరు రోడ్డు పక్క కాలువలోకి, అక్కడి నుంచి వంకలోకి పోతుంది. పైపు లైన్లు, ఇంటి కనెక్షన్లు లేకుండా ప్లాంటు కడితే, అది సగం ఖాళీగా నడుస్తుంది.

మీ కార్పొరేటర్‌ను ఈ ఐదు అడగండి

1. మన ఊరి మురుగులో రోజుకు ఎంత ప్లాంటు దాకా చేరుతోంది?
2. ప్లాంటు నుంచి బయటకు వచ్చే నీటి బీవోడీ ఎంత? ఆ అంకె జనానికి కనిపించేలా ఎక్కడ పెడుతున్నారు?
3. కరెంటు పోతే గాలి మోటార్లు ఎన్ని గంటలు ఆగుతాయి? జనరేటర్ ఉందా?
4. శుద్ధి చేసిన నీళ్లు ఎవరికి ఇస్తున్నారు, ఎంతకు? ఇప్పుడు వాడుకుంటున్న రైతులకు వాటా ఉందా?
5. మిగిలిన మడ్డిని ఎక్కడ వేస్తున్నారు?

ఈ ఐదింటికీ జవాబు ఉంటే ఏ టెక్నాలజీ అయినా పనిచేస్తుంది. జవాబు లేకపోతే ఎన్ని కోట్లు పెట్టినా ఆ టీఎంసీ హంద్రీలో, బుగ్గవంకలో పారుతూనే ఉంటుంది.